మరిచిపోవడం రాని డ్రిల్ మాస్టారు

మా డ్రిల్ మాస్టారు పోయారని ఆయన భార్య ఫోన్ చేసి చెప్పింది. "మీ మాస్టారు ఎలిపోనాడు బాబూ. బేగి రా" అంది. నేనెక్కడో సరిహద్దులో డ్యూటీలో ఉన్నాను. సెలవు దొరికి, విశాఖలో కొండ రైలెక్కి అరకు చేరేసరికి దినం రోజైంది.

పోయినవాళ్లందరూ అందరినీ క్షమించి పోయారని రాయడం మన అలవాటు. మా మాస్టారు క్షమించలేదు. నేనూ క్షమించలేదు.

ఆరో తరగతిలో కొండ దిగి సైనిక పాఠశాల హాస్టల్లో చేరాను. మా హౌస్‌లో కొండ పిల్లలం ఇద్దరమే. దుప్పటి మీద ముడత ఉన్నా, బూటు మీద మరక ఉన్నా అక్కడ శిక్షే. దానికి అలవాటు పడ్డాం. అలవాటు కానిది మా హౌస్ కెప్టెన్. పెద్ద కాంట్రాక్టరు కొడుకు. ఓ ఉదయం ఏ తప్పూ లేకుండానే "కొండోళ్లు బాగా పాకుతారట కదా" అని మా ఇద్దరినీ గ్రౌండ్‌లో కంకర మీద పాకించాడు. మోచేతులు చీరుకుపోయాయి.

మాస్టారు వచ్చారు. రిటైరైన హవల్దారు, మా కొండల మనిషే. మా పక్కనే బోర్లా పడుకుని, ఆ చివరిదాకా మాతోపాటు పాకారు. లేచి, నెత్తురు తుడుచుకోకుండానే కెప్టెన్‌తో అన్నారు:

"ఇప్పుడు నువ్వు. ముందు పాకినోడే పాకమని సెప్పాల."

"నేను పాకను" అన్నాడు వాడు.

మాస్టారు వాడి చొక్కా మీది బ్యాడ్జి విప్పి తన జేబులో వేసుకున్నారు. అంతే. చెయ్యి కూడా ఎత్తలేదు.

మాస్టారు తనని కొట్టారని వాడు తండ్రికి చెప్పాడు. విచారణలో నేను నిజం చెప్పాను, నాతో పాకిన స్నేహితుడూ చెప్పాడు. కొండ పిల్లల మాట ఎవరికి కావాలి? పిల్లల్ని కొట్టే మనిషని ముద్ర వేసి మాస్టారిని పంపేశారు.

ఆయన ఊరికి తిరిగొచ్చి కాఫీ మొక్కలు పెట్టుకున్నారు. కవాతు లేకపోయినా రోజూ బూట్లు తుడిచేవారు. సైన్యంలో చేరాలనుకునే కుర్రాళ్లని రాగులు కోసేసిన సోలు మడిలో పరిగెత్తించేవారు. సెలవుల్లో నేనూ వెళ్లేవాణ్ణి. ఓసారి, ఆ కెప్టెన్‌ని వెతికి పట్టుకుని తంతానన్నాను.

"తన్నితే ఆడి పాపం పోద్ది. నీకు జైలొత్తాది" అన్నారు నవ్వకుండా. "ఒరే గుంటడా, పగున్నోడు ఒళ్లు పాడుసేసుకోకూడదు. బాగా తిను, బాగా పరిగెట్టు, ఆపీసరవ్వు. ఆడు నీ ముందు నిలబడే రోజొత్తాది."

"మీరు మరిచిపోలేదా మాస్టారూ?"

"నీను మరిసిపోతే ఆడికి సులువైపోద్ది కదేటి."

ఆ పగతోనే చదివాను. ఆ పగతోనే ఆఫీసరునయ్యాను. సిగ్గుపడి చెప్పడం లేదు.

దినం రోజు పందిట్లో వాడున్నాడు. ఇప్పుడు పూర్వ విద్యార్థుల సంఘానికి పెద్ద. తెచ్చిన ఫ్లెక్సీలో మాస్టారి ఫొటో కంటే వాడి ఫొటోయే పెద్దది. మైకు తీసుకుని, "ఈరోజు నేను నలుగురిని నడిపిస్తున్నానంటే మాస్టారు నేర్పిన క్రమశిక్షణే" అన్నాడు.

నేను లేచాను. "మాస్టారు మిమ్మల్ని కొట్టారా?"

నవ్వాడు. "ఇప్పుడెందుకు తమ్ముడూ అదంతా?"

"మైకు దగ్గర పెట్టుకుని చెప్పండి. కొట్టారా?"

మాస్టారి భార్య మెల్లగా లేచి నిలబడింది. "సెప్పు బాబూ. మంచాన పడ్డాక కూడా ఆయన అడిగేవోడు, ఆడొచ్చినాడేటి అని."

వాడు దిక్కులు చూశాడు. ఒక్కరూ వాడి మీంచి చూపు తిప్పలేదు.

"కొట్టలేదు" అన్నాడు. ఆ మాట మైకు పెట్టెల్లోంచి ఎదురు కొండదాకా వినిపించింది. "అబద్ధం చెప్పాను."

నాకు జాలి కలగలేదు. ఎండలో నడిచొచ్చి చల్లటి నీళ్లు తాగినట్టుంది. ఇది వినడానికి మాస్టారు లేకపోయారే అన్న కోపం మాత్రం ఇంకా పోలేదు.

వాడు వంగి ఆవిడ కాళ్లకి దండం పెట్టబోయాడు. ఆవిడ వెనక్కి జరిగింది.

"కాళ్లు ముట్టుకోకు. ఇంటికొచ్చినోడివి, అన్నం తిను."

బంతిలో కూర్చోబెట్టి ఆకు వేసి, వేడన్నం వడ్డించింది. వాడి చెయ్యి కదల్లేదు. ఆవిడ గరిటె పట్టుకుని, వాడు మొదటి ముద్ద ఎత్తేదాకా, ఎదురుగా అలాగే నిలబడింది.