మినహాయింపు ఇంట్లో మజ్జిగ

దెయ్యాల కబుర్లు ఎవరైనా మొదలెడితే కండువా దులుపుకుని లేచిపోయే రకాన్ని నేను. పిల్లలకు అన్నం తినిపించడానికి తప్ప అవి ఎందుకూ పనికిరావని నా అభిప్రాయం. ఇప్పటికీ ఇతరులు చెప్పేవి నమ్మను. నాకు జరిగింది మాత్రం జరిగింది.

అప్పట్లో రామచంద్రపురం వైపు, కాలవగట్టున ఉన్న చిన్న ఊళ్లో ఇంటిపన్ను గుమాస్తాగా ఉండేవాణ్ణి. కొన్ని ఇళ్లకు పన్ను మినహాయింపు ఉండేది. మూడేళ్లకోసారి వాటికి వెళ్లి, ఏ కారణంతో ఇచ్చారో ఆ కారణం ఇంకా ఉందో లేదో కళ్లారా చూసి రాయాలి. లేకపోతే రద్దు చేయాలి. నేను మొహమాటం లేకుండా రద్దు చేసేవాణ్ణి. అందుకు ఒకాయన దుడ్డుకర్రతో నా తల పగలగొట్టాడు. కట్టు కట్టించుకుని మర్నాడే వెళ్లి వాళ్ల తమ్ముడి ఇంటిది కూడా తీసేశాను. అంత మొండివాణ్ణి.

లాకుల దగ్గర సూరమ్మ గారి ఇల్లు. మొగుడు లేడు, పిల్లల్లేరు. పడవ దిగినవాళ్లకు అరుగు మీద నిలబడి మజ్జిగ పోసేది. ఆ ధర్మం సాగినంతకాలం ఇంటికి పన్ను లేదు. తనిఖీకి వెళ్లినవాడు తానే తాగి చూడాలి.

తన అక్క కొడుకు వెంకన్నను పొత్తిళ్ల నుంచి ఆమే పెంచింది. వాడు పెద్దవాడై ఆ అరుగు మీద సారాకొట్టు పెట్టిస్తానని పట్టుబట్టాడు. ఆమె ఒప్పుకోలేదు. వాడు ఆమెను జుట్టు పట్టి వీధిలోకి ఈడ్చి తన్నడం ఊరంతా చూసింది. నేనూ ఒకసారి చూశాను. నా పని కాదనుకుని పక్కనుంచి వెళ్లిపోయాను.

తనిఖీకి వెళ్లింది ఒక శుక్రవారం మధ్యాహ్నం. ఎండ మాడిపోతోంది. అరుగు మీద ఎవరూ లేరు. శుభ్రంగా కడిగిన రోకలి గోడకు ఆనించి ఉంది. "మజ్జిగ ఉందాండీ?" అని కేకేశాను. లోపల అడుగుల చప్పుడైంది.

దారిన పోయేవాళ్లకు పైనుంచి చెంబుతో పోస్తారు. కింద వంగి దోసిట్లో పట్టి తాగాలి. పోసేవాళ్ల మొహం తాగేవాడికి కనపడదు. నాకు కనిపించింది రెండు పాదాలు, చీర అంచు. పాదాలకు చీలమండల దాకా తడి బురద. వీధంతా దుమ్ము, ఆ బురద ఎక్కడిదా అనుకున్నాను. రెండో దోసిట్లో ఎర్రటి చార ఒకటి తేలింది. కొత్త కుండ మట్టి అనుకుని తాగేశాను. ఇనుప గరిటె నాకినట్టుంది.

"చాలా బాబూ?" అంది.

"చాలండి సూరమ్మ గారూ."

మూతి తుడుచుకుని చూసేసరికి ఆమె లేదు. "ఇంటామె ఉన్నారు, మజ్జిగ పోశారు, తాగాను, మినహాయింపు సాగవచ్చు" అని రిజిస్టరులో రాసి సంతకం పెట్టాను.

శనివారం ఆ ఇంటి పెరట్లో అరటి బోదెల కింద బురదను కుక్కలు తవ్వితే శవం బయటపడింది. సూరమ్మ గారి తల ఎడమవైపు నుజ్జయిపోయింది. దవడ ఊడి వేలాడుతోంది. రోకలికి అడ్డం పెట్టిన చేతుల వేళ్లన్నీ విరిగాయి. చనిపోయి మూడు రోజులైందని డాక్టరు గారు అన్నారు. బుధవారం పొద్దున్న కేకలు, దెబ్బలు విన్నామని పొరుగువాళ్లు చెప్పారు.

వెంకన్న మాత్రం శుక్రవారం, నేను ఆ ఇల్లు దాటగానే వచ్చిన రాజమండ్రి పడవ ఎక్కాడు. పదిమంది చూశారు. అంటే నేను వెళ్లినప్పుడు ఆమె బతికి ఉంటే, చంపింది వాడు కాదు.

వెంకన్నను పట్టుకొచ్చి కేసు పెట్టారు. విచారణ ముందురోజు ఇనస్పెక్టరు నన్ను బతిమాలాడు. "ఆవిణ్ణి చూళ్లేదని చెప్పండి గుమాస్తా గారూ. వాడికి ఉరి పడుతుంది." నాకు ఒళ్లు మండింది. చచ్చినావిడ మజ్జిగ పోయదు, కాబట్టి డాక్టరే పొరబడ్డాడని నా లెక్క. కోర్టులో వెంకన్న తరఫు వకీలు నా రిజిస్టరు చూపించాడు. "పోసిందండి. తాగానండి" అన్నాను. వెంకన్నను వదిలేశారు.

నెల తర్వాత పట్టపగలు ఆఫీసు మెట్ల మీద వాడు నా గొంతు పట్టుకుని గోడకేసి కొట్టాడు. నోట్లోకి నెత్తురు వచ్చింది.

"ఎందుకు చెప్పారండీ? బుధవారమే చంపేశానండి. మీరొచ్చినప్పుడు తలుపు సందులోంచి చూస్తానే ఉన్నాను. మీరొక్కరే వంగున్నారండి. చెంబు లేదు, మనిషి లేదు. మీ గడ్డం మీంచి మజ్జిగ కారతా ఉంది." పట్టు వదిలి మెట్ల మీద కూలబడ్డాడు. "ఆ అరుగు కింద రోజూ దోసిలి పడతన్నానండి. పిన్ని నాకు పొయ్యట్లేదండి."

మళ్లీ వాణ్ణి ఎవరూ చూడలేదు.

పెంచినవాణ్ణి ఉరి తప్పించడానికి వచ్చిందో, వాడు తనను ఏం చేశాడో చూడమని నా దగ్గరికి వచ్చిందో, ఇన్నేళ్లయినా నాకు అంతుపట్టలేదు. కళ్లారా చూసి రావడమే నా ఉద్యోగం. ఆవేళ నేను తల ఎత్తలేదు.