నేను పట్టిన అడవికోడి

నా జన్మలో నేను వేటకు వెళ్ళింది ఒక్కసారే. ఆ ఒక్కసారికే నా పరువు పేడనీళ్ళలో కలిసింది. మాటవరసకు అనడం లేదు, నిజంగా పేడనీళ్ళే. ఒక పెద్ద గాబు నిండా కలిపి పెట్టారు. ఈ సంగతి నలుగురిలో చెప్పొద్దని మా ఆవిడ ఇప్పటికీ కళ్ళురుముతుంది. కానీ ఇన్నేళ్ళయ్యాక, ఆ రోజు వేసుకున్న చొక్కా కూడా మసిగుడ్డై చిరిగిపోయాక, ఇంకా దాచుకుని ఏం చేసుకుంటాను? చెప్పేస్తాను, మీరు మొహమాటపడకుండా నవ్వండి.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయిందేమో. నాకు ఇరవైరెండేళ్ళు. మాది పాల్వంచ, నాన్నది థర్మల్ స్టేషన్‌లో షిఫ్టు డ్యూటీ. ఐటీఐలో ఫిట్టరు చదివి ఖాళీగా కాలనీ రోడ్లు కొలుస్తున్న నాకు దుమ్ముగూడెం వైపు ఊళ్ళలో చేతిపంపులు బాగుచేసే ఉద్యోగం వచ్చింది. ఒక్క ఏడాది కాంట్రాక్టు. అమ్మ మాత్రం కలెక్టరు పోస్టు వచ్చినట్టే వీధంతా మిఠాయి పంచింది.

వానాకాలం మధ్యలో బయల్దేరాను. భద్రాచలం చేరేసరికి గోదావరి పొంగి దారి మునిగింది, బస్సులు ఆగిపోయాయి. ఉద్యోగంలో చేరిన మొదటి వారం నేను చేసిన పని కరకట్ట మీద నిలబడి మిరపకాయ బజ్జీలు తింటూ గోదావరిని చూడటం. అంత హాయిగా నేను మళ్ళీ ఎప్పుడూ డ్యూటీ చేయలేదు. నీళ్ళు తీశాక దుమ్ముగూడెంలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. పాత మోపెడ్ వెనకాల రెంచీలు, రాడ్లు, వాషర్ల సంచి కట్టుకుని రోజుకో ఊరు తిరిగేవాణ్ణి. వారమంతా అడవి దారుల దుమ్ము, ఆదివారం మాత్రం బస్సెక్కి భద్రాచలంలో సినిమా, గోదావరి స్నానం, మళ్ళీ బజ్జీలు. ఆ ఏడాది తలుచుకుంటే ఇప్పటికీ నా ముక్కుకు ఇప్పపువ్వు వాసన, గ్రీజు వాసన కలిసే తగులుతాయి.

నేను తిరిగిన ఊళ్ళలో మద్దిగుంపు అని ఒకటుండేది. నలభై కోయ ఇళ్ళు, ఒక్క చేతిపంపు. ఆ పంపు పదిహేను రోజులకోసారి నాకోసమే బెంగపెట్టుకున్నట్టు చెడిపోయేది. పంపు పక్కనే కన్నమ్మ ఇల్లు. అరవై దాటిన మనిషి, నన్ను చూడగానే జావ గిన్నెతో ఎదురొచ్చేది. నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. ఊళ్ళో అందరికీ నేను బోరింగు సారుని.

కన్నమ్మ కంటే ముందు నాకు ఎదురొచ్చే ప్రాణి ఇంకొకటుంది, ఆమె పుంజు. నా మోపెడ్ చప్పుడు వినపడితే చాలు, పంపు పిడి మీదికెక్కి కూర్చునేది. నేను సంచి దించగానే దూకి వెంటపడేది.

“పెద్దమ్మా, నీ పుంజును పట్టుకో!”

“ఉరకకు సారూ! నువ్వు ఉరికితేనే అది ఎంబడి పడతది.”

“ఉరకకపోతే పొడుస్తది కదా!”

“పొడుస్తది. ఒకపాలి పొడిస్తే దాని కడుపు సల్లబడతది, ఊకుంటది.”

దాని కడుపు చల్లబరచడానికి నా పిక్కలు నేనెందుకు ఇస్తాను? పంపు చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి కన్నమ్మ ఇంట్లో దూరి తడిక వేసుకునేవాణ్ణి. ఊరి ఆడపిల్లలు బిందెలు దించి మరీ ఈ తమాషా చూసేవారు. ఏడాది పొడుగునా ఆ పుంజుకూ నాకూ అంత గాఢమైన పరిచయం ఉందా, దాని ముఖం మాత్రం నేను సరిగ్గా ఎరగను. మేం కలిసినప్పుడల్లా నేను ముందు, అది వెనక.

చలికాలం పోయింది, తునికాకు కోతలు కూడా అయిపోయాయి, నా కాంట్రాక్టు ఇంకో నెల ఉందనగా భూమి పండుగ వచ్చింది. విత్తనాలు చల్లే ముందు చేసే పండుగ. మగవాళ్ళంతా విల్లంబులు తీసుకుని అడవికి పోతారు. వేటలో దొరికినదాన్ని విత్తనాల దగ్గర పెట్టి మొక్కి, ఆ తరువాతే దుక్కి మొదలుపెడతారు. మగవాళ్ళు అడవిలో ఉన్నన్నాళ్ళూ ఆడవాళ్ళది రాజ్యం. దారికి అడ్డంగా తాడు కట్టి వచ్చేపోయే బండ్లన్నీ ఆపుతారు, ఎంతో కొంత చేతిలో పెట్టందే వదలరు. ఇక ఖాళీ చేతులతో తిరిగొచ్చిన వేటగాళ్ళ మీద పేడనీళ్ళు గుమ్మరించి, పాట కట్టి ఆడిస్తారు. ఊరి పెద్దయినా సరే, మినహాయింపు లేదు.

నా మోపెడ్‌ను కూడా ఆపారు. నేను ఇవ్వాల్సింది ఇచ్చి నోరు మూసుకుని పోతే ఈ కథే లేదు.

“సారూ, మగోళ్ళంత యాటకు పోయిండ్రు. నువ్వు పోలేదా?” అని ఒక పిల్ల అడిగింది.

“సారు యాటకు పోతే కుందేలే సారును ఉరికిస్తది,” అని ఇంకో పిల్ల అంది. అందరూ తాడు వదిలేసి నవ్వారు.

ఇరవైరెండేళ్ళ వెధవకి రోషం రావడానికి అంతకంటే ఏం కావాలి? ఏడాదంతా వీళ్ళ కళ్ళముందు పుంజుకు భయపడి ఉరికాను. ఇంకో నెలలో వెళ్ళిపోతాను. పిరికివాడనే పేరే మిగిల్చి వెళ్ళాలా? మోపెడ్ స్టాండు వేశాను, గొంతు సవరించుకున్నాను.

“నేను పోతే ఖాళీ చేతుల్తో వస్తానా? ఎల్లుండి చూడండి. ఏమీ తేకపోతే ఆ గాబు మొత్తం నా నెత్తిన పోయండి.”

“ఎందుకు సారూ నీకు? అడవి అంటే బోరింగు కాదు,” అంది కన్నమ్మ నెమ్మదిగా. నేను విన్నానా? వినలేదు.

ఆ వేటకు నాయకుడు కన్నమ్మ మరిది సారయ్య. ఆ సాయంత్రం అడవి నుంచి రాగానే కాకా అని బతిమాలితే, ఎల్లుండికి నన్ను కూడా రమ్మన్నాడు. గదికి వచ్చి కూర్చున్నాక నాకు చెమటలు పట్టాయి. విల్లు ఏవైపు పట్టుకోవాలో కూడా నాకు తెలియదు. అప్పుడు నా ఫిట్టరు బుర్రలో ఒక మెరుపు మెరిసింది. పాడైన భాగం స్థానంలో కొత్తది బిగించడమే కదా నా వృత్తి? వేట దొరకకపోతే దాని స్థానంలో ఇంకోటి బిగిస్తే సరి.

మర్నాడు సంతకు వెళ్ళాను. ఊళ్ళమీద కోళ్ళు కొని తెచ్చే బేరగాడొకడు గంప ముందు కూర్చున్నాడు. ఎర్రటి ఒళ్ళు, నల్లటి తోక, అచ్చం అడవికోడిలాంటి పుంజు కనబడింది. కాళ్ళు కట్టించి, వాషర్ల సంచిలో పెట్టి, గాలాడటానికి నాలుగు చిల్లులు కూడా పెట్టాను. చూశారా, నా జాలిగుండె! తెల్లవారుతూనే వాగు దగ్గర పొదలో సంచి దాచి, నీళ్ళ ముంత, నాలుగు గింజలు పక్కన పెట్టి, ఏమీ ఎరగనట్టు వేటగాళ్ళలో కలిశాను.

ఇక వేట సంగతి. నా బూట్ల కింద ఎండుటాకులు అప్పడాల్లా చిట్లుతున్నాయి. పదడుగులు నడిచాక సారయ్య ఆగాడు.

“సారూ, బూట్లు ఇప్పు. నువ్వొస్తున్నవని అడవి మొత్తానికి చెప్తున్నయ్.”

విప్పాను. ముల్లు గుచ్చుకుని అరిచాను. ఎట్టకేలకు పొద్దు నడినెత్తికి వచ్చినప్పుడు ఒక కుందేలు కనబడింది. మా గుంపులోని పదకొండు మంది ఊపిరి బిగబట్టి విల్లు ఎక్కుపెట్టారు. అప్పుడు నేను, ఎంతో ఉపకారం చేస్తున్నవాడిలా, “అదిగో కాకా, కుందేలు!” అని కేకేశాను. కుందేలు కూడా విన్నది.

అందరూ విల్లంబులు దించి ముందుకు నడిచారు. తిడితే బాగుండేది. వాగు దాకా వచ్చాక నేను పొద చాటుకు పోయి, “దొరికింది కాకా, దొరికింది! అడవికోడి!” అంటూ పుంజుతో బయటికొచ్చాను.

సారయ్య దాన్ని చేతుల్లోకి తీసుకుని తూచినట్టు పైకీ కిందికీ ఊపాడు.

“అడవికోడి ఇంత బరువుంటదా సారూ?”

“బాగ మేసినట్టుంది కాకా.”

“కాళ్ళకు ఈ సుతిలి తాడేంది?”

“నేనే కట్టిన. ఇప్పుడే.”

“జల్దీ కట్టినవ్,” అన్నాడు. మీసాల్లో ఏదో కదిలింది. మిగతావాళ్ళు ఆకాశం వైపు చూశారు.

ఊరి మొదట్లో, పంపుకు కాస్త ఇవతల గాబు సిద్ధంగా ఉంది. ముందు సారయ్య, తర్వాత ఒక్కొక్కరూ తల వంచి నిలబడ్డారు. చెంబులకు చెంబులు పేడనీళ్ళు పడ్డాయి. పాట అందుకున్నారు, చప్పట్లు, కేకలు. విచిత్రమేమిటంటే తడిసినవాళ్ళు కూడా నవ్వుతున్నారు. నా వంతు వచ్చేసరికి నేను ఛాతీ విరిచి పుంజును పైకెత్తాను. పాట ఆగింది.

కన్నమ్మ దగ్గరికొచ్చింది. పుంజును చూసింది, నన్ను చూసింది, మళ్ళీ పుంజును చూసింది.

“యాడ దొరికింది సారూ?”

“వాగు అవతల, వెదురు పొదల్ల. ఉరికిచ్చి ఉరికిచ్చి పట్టిన పెద్దమ్మా.”

“నువ్వు దీన్ని ఉరికిచ్చినవా?”

“అవ్.”

“ఇది నిన్ను ఉరికియ్యలే?”

ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. నాకింకా అర్థం కాలేదు, చెప్పాను కదా, ఇరవైరెండేళ్ళు. ఇంతలో సారయ్య, “సరే పట్టుకరా, విత్తనాల కాడ పెట్టి మొక్కుదాం,” అన్నాడు.

అక్కడికి వెళ్ళి చూశాను. చాటలో జొన్నలు, కందులు, వడ్లు పోసి పెట్టి ఉన్నాయి. ఈ ఊరు ఏడాదంతా తినే తిండి అది, ఆ జావే కదా నేనూ తాగింది. దాని ముందు నా సంత సరుకును పెట్టి మొక్కమంటే చేతులు రాలేదు. “కాకా, వద్దు కాకా... ఇది...” అని నీళ్ళు నమిలాను. వెనక్కి లాక్కోబోతే తాడు ఊడింది. పుంజు నా చేతుల్లోంచి ఎగిరింది.

అడవికోడి అయితే అడవి వైపు పోవాలి కదండీ? ఇది నేరుగా ఊళ్ళోకి పరిగెత్తింది. ఎవరినీ దారి అడక్కుండా పంపు పిడి మీదికెక్కి, రెక్కలు టపటప కొట్టి, ఊరంతా వినేట్టు కూసింది. అప్పుడు మొట్టమొదటిసారి దాని ముఖం తీరిగ్గా చూశాను. అదీ నన్ను చూసింది. ఆ తర్వాత ఏం జరిగిందో మీకు చెప్పాలా? నేను ముందు, అది వెనక, పంపు చుట్టూ మూడు ప్రదక్షిణలు. ఆ కంగారులో నేను దూరింది కన్నమ్మ ఇంట్లో కాదు, గాబులో.

మద్దిగుంపులో అంత నవ్వు అంతకుముందు ఎప్పుడూ పుట్టి ఉండదు. పదకొండు మంది వేటగాళ్ళు తమ పేడ మరిచిపోయి నేలమీద కూర్చుని నవ్వారు. కన్నమ్మ చెంబుతో మంచినీళ్ళు తెచ్చి నా ముఖం కడిగింది.

“దీన్ని ఎందుకు అమ్మినవ్ పెద్దమ్మా?” అన్నాను ఏడుపు గొంతుతో.

“నువ్వు ఈ నెలతోటి పోతవంటివి. ఏడాదంత ఆ పుంజుకు భయపడి తడిక చాటున నిలబడే జావ తాగితివి. ఆఖరుకు నాలుగు దినాలన్న వాకిట్ల నిమ్మలంగ కూసొని తింటవని బేరగానికి ఇచ్చి పంపిన కొడుకా. నువ్వు మళ్ళ పట్టుకొస్తివి.”

అంతవరకూ నేను ఆమెకు సారునే. కొడుకా అన్నది అదే మొదలు. పేడనీళ్ళు కారుతుండబట్టి సరిపోయింది కానీ, లేకపోతే నా కళ్ళలోంచి కారినవి అందరికీ కనబడేవి.

“కాకా, నీ విత్తనాలకు తప్పు చేసిన,” అన్నాను సారయ్యతో.

“పెట్టలేదు కదా, ఊకో. రేపు మళ్ళ పోతం. నువ్వు మాత్రం రాకు,” అన్నాడు. తర్వాత నా భుజం మీద అంటుకున్న పేడ దులుపుతూ, “తోవల పోయేటోళ్ళకు తాడు కడతం సారూ. పేడనీళ్ళు మా ఊరోళ్ళకే,” అన్నాడు. ఇది తప్పించుకోవడానికా నేను ఇంత ఎత్తు వేసింది అనుకున్నాను.

మర్నాడు నేను లేను కనుక మధ్యాహ్నానికల్లా కుందేలు దొరికిందట. నెలాఖరున సామాను సర్దుకుని చెప్పి వెళ్దామని పోతే, కన్నమ్మ పుంజును చూపించి, “అది ఇప్పుడు నీ పుంజు. నా ఇంట్ల మేస్తది. ఏడాదికొకపాలి వచ్చి సూసి పో,” అంది. మూడేళ్ళు వెళ్ళాను. మూడేళ్ళూ అది నన్ను మరిచిపోలేదు. నాలుగో ఏడు వెళ్ళేసరికి పుంజు లేదు. కన్నమ్మ వాకిట్లో కుర్చీ వేసింది. భయం లేకుండా, నిమ్మళంగా కూర్చుని తినమంది. కూర్చున్నాను కానీ, నాకు ఆ జావ ఎందుకో దిగలేదు.

కనుక పాఠకులారా, ఆ గోదావరి తల్లి సాక్షిగా, భద్రాచలం కరకట్ట మీద నేను తిన్న బజ్జీల సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నేను వేట జోలికి పోను. సంతలో పుంజు కొనాల్సి వస్తే ముందు దానికి వీపు చూపించి నాలుగడుగులు ఉరికి చూస్తాను. వెంటపడిందా, చచ్చినా కొనను.