మా బాపు మోటారుకు దొర బోర్డు

మొన్న వేసవిలో తోటి అంగన్‌వాడీ టీచరు మనవడి ధోతి ఫంక్షన్‌కని మహబూబాబాద్ నుంచి జనగామ దాకా వెళ్ళాను. ఫంక్షన్ ఊరి బయట ఓ రిసార్టులో. భోజనాల వైపు నడుస్తుంటే పచ్చగడ్డి మధ్య సిమెంటు దిమ్మె మీద ఓ పాత పడవ కనిపించింది. దాని వెనక మోటారు. పిల్లలు ఎక్కి సెల్ఫీలు దిగుతున్నారు. పక్కన బోర్డు: ‘దొరగారి వేట పడవ. విదేశీ మోటారు.’

మోటారు మూత అంచున ఉన్న రేకు అతుకు చూడగానే గుర్తుపట్టాను. అది మా బాపు పడవ.

భూపాలపల్లి వైపు గోదావరి ఒడ్డున మా ఊరు. వంతెన రాకముందు అవతలి ఒడ్డుకు జనాన్ని దాటించింది మా బాపే. నొప్పులొచ్చిన ఆడవాళ్ళు, జ్వరం పిల్లలు, విత్తనాల బస్తాలు, అన్నీ ఆ పడవలోనే. ఏ దొర దేనిమీద వేటకు పోయాడో నాకు తెలియదు గానీ, ఇందులో మాత్రం కాలు పెట్టలేదు. బాపు పోయాక దాన్ని పాత సామాన్ల వాడికి ఇచ్చేసింది మేమే. ఆ తప్పు ఒప్పుకుంటాను. కానీ ఇంకొకడి పేర రాసుకొమ్మని ఇవ్వలేదు.

“పోనీ తియ్యక్కా, ఫంక్షన్ల లొల్లెందుకు?” అంది మా టీచరు. నేను వినలేదు. రిసార్టు యజమానిని పిలిపించాను. చిన్నవాడే, మర్యాదగానే మాట్లాడాడు.

“మీద ఇంగ్లీషు పేరున్నది కదక్కా. గప్పట్ల ఫారిన్ మోటరంటె దొరలకు తప్ప ఎవలికుంటది?”

అదీ వాళ్ళ పరిశోధన! మూత మీద పేరు చదివి మోటారు ఏదో తేల్చేశారు. మోటారును చూసి మనిషి ఎవరో తేల్చేశారు. అసలు మూత వరదలో కొట్టుకుపోతే, బాపు వరంగల్ తుక్కు దుకాణాలన్నీ తిరిగి వేరే మోటారు మూత పట్టుకొచ్చాడు. అది సరిపోకపోతే నూనె డబ్బా రేకు కత్తిరించి అంచుకు బిగించాడు. లోపలున్నది మన దేశంలో చేసిన మామూలు మోటారే.

“మూత కాదు తమ్మీ, పడవకు బిగించే పట్టీ చూడు. నంబరు గాడ ఉంటది,” అన్నాను.

పట్టీ మీద ఉట్టి రంగే కనిపించింది. కనిపించదు మరి! ప్రతి దసరాకు బాపు మోటారంతా కడిగి, నంబరూ గింబరూ చూడకుండా రంగు పూసేవాడు. అయినా నాకది కంఠతా వచ్చు. రేవు లైసెన్సు దరఖాస్తులో ప్రతి ఏడూ ఆ నంబరు రాసింది నేనే, ఇంట్లో చదువొచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి. చివరి మూడంకెలు రెండు, సున్నా, ఏడు అని అందరి ముందూ చెప్పి, వంటవాళ్ళ దగ్గర చాకు తెప్పించి గీకించాను. ఎరుపు లేచింది, దాని కింద ఆకుపచ్చ, దాని కింద నీలం. ఆ కింద రెండు, సున్నా, ఏడు.

“సారీ అక్కా, బోర్డు మార్పిస్త,” అని నా ఫోన్ నంబరు తీసుకున్నాడు. నేను కడుపు నిండా తిని బస్సెక్కాను.

పదిహేను రోజులకు ఫోటో పంపాడు. కొత్త బోర్డు, మెరిసే అక్షరాలు: ‘దొరగారు తమ పడవ నడిపే నమ్మకస్తుడికి బహూకరించిన మోటారు.’

ఒళ్ళు మండిపోయింది. అప్పటికప్పుడు ఫోన్ చేశాను.

“ఏ దొర ఇచ్చిండు? ఎప్పుడిచ్చిండు? నువ్వు చూసినవా?”

“అట్ల కాదక్కా. పడవ నడిపేటోనికి మోటరెక్కడిదని వచ్చినోళ్ళు అడుగరా?”

“మా అవ్వ కాళ్ళ కడియాలమ్మితె వచ్చింది. గదే రాయి.”

అతను మెల్లగా అన్నాడు: “కడియాలమ్మిండ్రని రాస్తె ఫంక్షన్లకొచ్చినోళ్ళ మూడ్ ఖరాబైతదక్కా.”

నన్ను కన్న అవ్వ ఆ తర్వాత బతికినన్నాళ్ళూ బోసి కాళ్ళతోనే తిరిగింది. అప్పుడు ఎవరి మూడూ ఖరాబు కాలేదు.