కింది వాటా ఈల

పోయిన నెలలో మా బేస్‌మెంట్ అద్దెకిస్తామని ఇంటర్నెట్‌లో ప్రకటన పెట్టాము. వారాలు గడిచినా ఒక్క ఫోన్ రాలేదు. ఒకప్పుడు కెనడాలోని ఇదే విన్నిపెగ్‌లో, అలాంటి ప్రకటన పెట్టి టీ కప్పు చేతిలోకి తీసుకునేలోగా, ఇంకా విమానం కూడా ఎక్కని పిల్లలు గుంటూరు నుంచీ కరీంనగర్ నుంచీ ఫోన్ చేసి, ఆంటీ, రూమ్ మాకే ఉంచండి అని బతిమాలేవారు. ఇప్పుడు విద్యార్థుల పర్మిట్లు తగ్గించేశారట, వచ్చేవాళ్ళే లేరట. ఇల్లు ప్రశాంతంగా ఉందని మావారు సంతోషిస్తున్నారు. నాకు మాత్రం ఆ ఖాళీ గదులు చూసినప్పుడల్లా మా అబ్బాయి ఆడిన ఆఖరి ఫుట్‌బాల్ సీజన్ గుర్తొస్తుంది.

ఫుట్‌బాల్ అనగానే మన తరంవాళ్ళు కాలితో తన్నే గుండ్రటి బంతిని తలుచుకుంటారు గానీ, ఇది అది కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని ఒకడు చంకలో పెట్టుకుని పరిగెత్తుతుంటే, ఎదుటి జట్టంతా మీదపడి వాణ్ణి కూలదోసే ఆట. మావారు డాక్టరు, నేను బ్యాంకు ఉద్యోగిని. ఇద్దరమూ కలిసి పిల్లవాణ్ణి శ్రద్ధగా చెస్‌కీ వయొలిన్‌కీ పంపిస్తుంటే, హైస్కూల్లో కోచ్ ఒకాయన వాడి భుజాలు చూసి ముచ్చటపడి లాక్కుపోయాడు. యూనివర్సిటీకి వచ్చేసరికి డిఫెన్స్‌లో ముందు వరసలో నిలబెట్టారు. అక్కడ నిలబడినవాడి పని బంతి పట్టుకోవడం కాదు, బంతి పట్టుకున్నవాడికి దారి లేకుండా చేయడం. హైదరాబాదు నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసినప్పుడల్లా, ఎన్ని గోల్స్ కొట్టాడు వదినా అని అడిగేది. వాడు కొట్టడమ్మా, అవతలివాళ్ళని కొట్టనివ్వడు అని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. అన్నేళ్ళు ఆడినా మా వాడు మ్యాచ్‌లో బంతిని చేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు.

ఆ రోజుల్లో మా కింది వాటాలో ముగ్గురు తెలుగు పిల్లలుండేవారు. పగలు కాలేజీ, సాయంత్రం వేర్‌హౌస్‌లో పని, శనివారం వచ్చిందంటే తెలుగు సినిమా. హీరో తెర మీదకి వచ్చీ రాగానే వాళ్ళలో ఖమ్మం పిల్లవాడు నాలుక మడిచి, రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాడంటే, పైన మా వంటింట్లో గిన్నెలు ఉలిక్కిపడేవి. ప్రాక్టీస్‌లో ఒళ్ళు హూనం చేసుకుని వచ్చి పడుకున్న మా వాడు, మంచం మీంచే మడమతో నేలని దబదబా తన్నేవాడు. కింద టీవీ సౌండు తగ్గేది, కాసేపటికి మళ్ళీ ఈల. వాళ్ళు గుమ్మం దగ్గర కనబడి బ్రో అని పలకరిస్తే తలాడించి వెళ్ళిపోయేవాడు. నేను పప్పూ కూరా గిన్నెల్లో పెట్టి కింద ఇచ్చి రమ్మంటే, మెట్ల మీద పెట్టి తిరిగొచ్చేవాడు. అందరూ ఒక ఈడు పిల్లలే, తినేది ఒకే వంట, అయినా ఒకరి మొహం ఒకరు సరిగా చూసుకునేవారు కాదు. నాకు అది మనసులో ముల్లులా ఉండేది.

యూనివర్సిటీ ఆట అయిదు సీజన్లకి మించి ఆడనివ్వరు. అయిదో సీజన్ మొదట్లోనే మా వాడి భుజం జారింది. కట్టు విప్పేసరికి వాడి చోట్లో మరో కుర్రాడు కుదురుకున్నాడు. ఇక చాలించమని మావారు, ఇంకొక్క మ్యాచ్ అని వాడు. అక్టోబరులో సొంత మైదానంలో చివరి మ్యాచ్ వచ్చింది. అది ఓడితే జట్టు సీజన్ అయిపోయినట్టే, దాంతో పాటు మా వాడి ఆట కూడా. అంత కష్టపడ్డ పిల్లవాడు ఆఖరికి బెంచీ మీద కూర్చునే సెలవు తీసుకుంటాడేమోనని నాకు అన్నం సహించలేదు. వాడి వెనకాల మనవాళ్ళు నలుగురైనా ఉండాలని, బిర్యానీ ఆశ పెట్టి కింది వాటా పిల్లల్ని కూడా బయల్దేరదీశాను.

ఆ చలిలో దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాము. ఆట సగం దాటాక ఆ రెండో కుర్రాడు కాలు బెణికి కుంటుతూ బయటికొచ్చాడు, మా వాడు లోపలికెళ్ళాడు. నేను మావారి చెయ్యి పట్టుకుని వదల్లేదు. కొద్ది పాయింట్లే తేడా, వెనకబడింది మనవాళ్ళు, టైము అయిపోవస్తోంది. అంతలో మనవాడొకడు వెళ్ళి గుద్దితే, ఎదుటి జట్టులో బంతి విసరబోతున్న కుర్రాడి చేతిలోంచి అది జారి నేల మీద పడింది. అలా పడ్డ బంతి ఎవరు ఎత్తుకుంటే వాళ్ళదే. అప్పటిదాకా ఒక్క ముక్క అర్థంకాని ఖమ్మం పిల్లవాడికి అదొక్కటీ అర్థమై, గ్లవ్స్ పీకేసి, ప్రాణం పెట్టి ఈల వేశాడు.

ఈ ఆటలో రిఫరీ ఈల వినబడితే ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలి. అందరూ ఆగిపోయారు. మనవాళ్ళూ ఆగారు, అవతలివాళ్ళూ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. మా వాడొక్కడు మాత్రం వంగి, పెరట్లో రాలిన కొబ్బరికాయ ఎత్తుకున్నంత నింపాదిగా బంతి ఎత్తుకుని పరుగందుకున్నాడు. ముందు ఎవరూ లేరు, వెనక ఎవరూ రాలేదు. చివరి గీత దాటితే పాయింట్లు, వాడు దాటేశాడు.

తర్వాత పెద్ద గొడవే అయింది. రిఫరీలు గుంపుగా చేరి, తమలో ఎవరూ ఊదలేదని తేల్చుకుని ఆ పాయింట్లు మా జట్టుకే ఇచ్చారు. ప్రేక్షకులు ఈలలు వేయవద్దని మైకులో చెప్పారు. ఖమ్మం పిల్లవాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. స్టూడెంట్ వీసా మీద వచ్చిన పిల్లలకి తుమ్మినా దగ్గినా వీసా భయమే కదా. "ఆంటీ, నన్ను వెనక్కి పంపిస్తరా?" అని గొణిగాడు. ఇది న్యాయమేనంటావా అని మావారు ఇటువైపు నుంచి మొదలుపెట్టారు. న్యాయం సంగతి రిఫరీలు చూసుకున్నారు, మీరు చప్పట్లు కొట్టండి అన్నాను.

మనవాళ్ళే గెలిచారు. బయటికొచ్చిన మా వాణ్ణి, అందరూ ఆగిపోతే నువ్వెందుకు ఆగలేదురా అని అడిగాను. "దట్ వాజంట్ ద రెఫ్, మామ్. దట్ వాజ్ ద బేస్‌మెంట్!" అని పగలబడి నవ్వుతూ ఖమ్మం పిల్లవాణ్ణి అమాంతం పైకెత్తేశాడు. ఇంటికెళ్ళాక బిర్యానీ గిన్నె నా చేతిలోంచి తీసుకుని తనే కిందికి దిగాడు. ఎంతకీ పైకి రాలేదు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి, వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నాను కాబట్టి తుడుచుకోలేదు.

మరుసటి వారం వేరే ఊళ్ళో ఓడిపోయారు. మా వాడి ఆట అక్కడితో సరి. కిచెనర్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. ఖమ్మం పిల్లవాడు దానికి దగ్గర్లోని బ్రాంప్టన్ చేరాడు, ఇక్కడే స్థిరపడడానికి పీఆర్ కోసం చేయని ప్రయత్నం లేదు. చివరికి వర్క్ పర్మిట్ అయిపోయి ఇండియా తిరిగి వెళ్ళాడు. ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళింది మా వాడే. అక్కడ తన ఫుట్‌బాల్ చొక్కా ఆ పిల్లవాడి పెట్టెలో పెట్టేశాడట. అద్దం కట్టించి హాల్లో పెట్టుకుందామనుకున్న చొక్కా అది; విన్నప్పుడు నా ప్రాణం ఉసూరుమంది. అన్ని వేలమంది పిల్లలు ఈ చలిదేశాన్ని నమ్ముకుని వచ్చారు, మన ఇళ్ళల్లో తిరిగారు, మన పిల్లలకి అన్నదమ్ములయ్యారు. మనం వాళ్ళకి అలవాటు పడేలోగా కాలం మారిపోయి ఎటువాళ్ళటు వెళ్ళిపోయారు.

మొన్న ఆ పిల్లవాడు ఫోన్ చేస్తే చొక్కా సంగతి అడిగాను. వాళ్ళమ్మ దాన్ని ఇస్త్రీ చేయించి బీరువాలో దాచిందట. ఇంత పెద్ద చొక్కా ఎవరిదని చుట్టాలు అడిగితే, కెనడాలో ఉన్న మా పెద్దోడిది అని చెబుతోందట.