సగంలో అందుకునే మావయ్య

మా మావయ్య ఎవరి మాటనూ చివరిదాకా సాగనిచ్చేవాడు కాదు. మీరు సగం చెప్పేసరికి మిగతా సగం తనే చెప్పి, జవాబు కూడా ఇచ్చేసేవాడు. "దేవుడిచ్చిన సమయంరా ఇది. పారబోయడానికి మన సొత్తు కాదు" అనేవాడు.

ఆయన పుస్తకాలకు బైండింగ్ చేసేవాడు. నేను ఆయన దగ్గరే పని చేసేవాణ్ణి. ఒక పుస్తకానికి రాసిన జిగురు ఆరేలోపు ఇంకో పుస్తకం కుట్టేవాడు. కుడుతూనే ప్రార్థన చేసుకునేవాడు. మధ్యాహ్నం భోజనం నిలబడే, నాలుగు నిమిషాల్లో.

ఒకసారి ఒక మాస్టారు డైరీ తెచ్చి, "దీనికి అట్ట..." అన్నాడు.

"నీలం రంగు. శుక్రవారం రండి."

"ఎరుపు అనబోతున్నానండీ."

"నీలమైతే మాసినా కనపడదు. శుక్రవారం."

చర్చిలోనూ అంతే. ఒక ఆదివారం పాస్టరుగారు ప్రార్థన మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగారు. మావయ్య గట్టిగా "ఆమేన్" అన్నాడు. అందరూ కళ్ళు తెరిచారు. వెనక వరుసవాళ్ళు లేచి గుమ్మం దాకా వెళ్ళారు కూడా.

"నేనింకా రోగుల దాకా రాలేదయ్యా" అన్నారు పాస్టరుగారు.

"పొద్దున్నే వాళ్ళను చూసొచ్చానండీ. ఒకాయనకు జ్వరం తగ్గింది. ఆ ముసలావిడకు మందులు తెచ్చిచ్చాను. మీరు కానివ్వండి."

ఆ ఏడాదే అత్తయ్యకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యీ మాటా పడిపోయాయి. కొన్ని నెలలకు మాట కొద్దికొద్దిగా తిరిగొచ్చింది కానీ, ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య జిగురు ఆరేంత సేపు పట్టేది. మళ్ళీ వస్తే ఆ కాస్త మాట కూడా మిగలదని డాక్టరు చెప్పాడు. మావయ్య నాలుగింటికే ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టాడు.

ఆవిడ చెప్పాలనుకున్నవన్నీ ఈయనే చెప్పేస్తాడని నా బెంగ. ఒక సాయంత్రం కొట్టు తాళాలివ్వడానికి వెళ్ళాను. మంచం పక్కన స్టూలు మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆ చేతులు ఊరికే ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

"నువ్వు" అంది అత్తయ్య. ఆగింది. నేల మీది ఎండ గోడ మీదికి ఎక్కింది. "మె..." అంది.

"మెడ నొప్పిగా ఉందా అత్తయ్యా?" అన్నాను.

మావయ్య నావైపు చూడకుండానే చెయ్యెత్తాడు. "తన మాట తననే చెప్పనీరా."

"ఎంతసేపని మావయ్యా..."

"ఇన్నాళ్ళూ సమయం మిగిల్చింది దేనికనుకున్నావు?"

ఆ రోజు ఆవిడ అలసిపోయి నిద్రపోయింది. ఆయన మర్నాడూ కూర్చున్నాడు. ఆ మర్నాడూ కూర్చున్నాడు. నాలుగో రోజు పొద్దున కొట్టు తెరుస్తూ చెప్పాడు. "నువ్వు మెల్లగా తిను, అంది."

"అంతేనా?"

"అంతే. ముప్పై ఏళ్ళుగా చెప్పబోతూనే ఉండుంటుంది. నేనే సగంలో అందుకుని ఉంటాను."

ఆ మధ్యాహ్నం కూర్చుని తిన్నాడు. ఆరు నిమిషాలు పట్టింది.

రెండు వారాలకు మళ్ళీ పక్షవాతం వచ్చింది. అత్తయ్య ఇంకో తొమ్మిది రోజులు బతికింది. ఒక్క మాట కూడా రాలేదు. మావయ్య నాలుగింటికి వెళ్ళి, అదే స్టూలు మీద, అలాగే ఎదురుచూశాడు.

సమాధి చేసిన నాలుగో రోజు కొట్టుకొచ్చాడు. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి కూర్చున్నాడు. నేను రెండు పుస్తకాలు కుట్టాను, జిగురు రాశాను, అది ఆరింది కూడా. ఆయనింకా తింటూనే ఉన్నాడు. అప్పుడే మాస్టారు కొత్త డైరీ పట్టుకుని వచ్చాడు.

"దీనికి అట్ట..."

"ఎరుపేగా. శుక్రవారం రండి" అన్నాడు మావయ్య, నములుతూనే.

"కాదండీ. ఆ నీలమే బాగుంది."

మావయ్య నోట్లోది పూర్తిగా నమిలి మింగేదాకా మమ్మల్నిద్దరినీ నిలబెట్టాడు. తర్వాత నావైపు తిరిగి, "చూశావా" అన్నాడు. ఇంకో ముద్ద నోట్లో పెట్టుకున్నాడు, చాలా చిన్నది.