చేయి నీది, నోరు నాది

గోడవతలి అక్క పోయిందన్న మాట ఆ గోడ మీదుగానే వచ్చింది. దసరా వెళ్ళిన వారం, తెల్లవారి నేను పెరట్లో పళ్ళు తోముకుంటుంటే, ఆమె కోడలు అటు పక్క నుంచి తల పైకెత్తి "చిన్నాయనా, అత్త లేస్తాలేదు" అంది. ఆ గొంతులో ఏడుపు లేదు, ఏడుపు ఇంకా అక్కడిదాకా రాలేదు. నోట్లో వేపపుల్లతోనే గోడ దూకాను. యాభై దాటినవాడు దూకాల్సిన గోడ కాదది. అక్క గోడ వైపు ఒత్తిగిలి పడుకుని ఉంది. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు.

ఆమె గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. ఎనిమిదో తరగతిలో నేను బడి మానేస్తే, ఉండమని బడి కూడా నన్ను అడగలేదు. కాబట్టి తప్పులుంటే సర్దుకోండి. గొప్పలు మాత్రం రాయను. రాస్తే ఆమె అటు పక్క నుంచి "ఉప్పు ఎక్కువైందప్పా" అంటుంది.

మాది బేతంచెర్ల. మా ఊళ్ళో ఇటుక కంటే బండ చవక. ఫ్యాక్టరీలో పాలిష్ పట్టేటప్పుడు పగిలిన ముక్కలు తెచ్చి, ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టుకున్న గోడ మా రెండిళ్ళ మధ్య ఉంది. రొమ్మెత్తు ఉంటుంది. అక్క పొట్టిది. అటు పక్క పగిలిన తిరగలి రాయి ఒకటి వేసుకుని, దాని మీదికి ఎక్కితేనే ఆమె మొహం మాకు కనబడేది. బావ లారీ మీద బండలు తోలేవాడు. ఇంట్లో ఉన్న రోజుల కంటే దారిలో ఉన్న రోజులే ఎక్కువ. అందుకని మాట్లాడాలనిపించినప్పుడల్లా ఆమె ఆ రాయి ఎక్కేది.

గోడ మీద గిన్నెలు తిరుగుతూనే ఉండేవి. రంజాన్ నెలలో అటు నుంచి గంజి, ఉగాదికి ఇటు నుంచి ఓళిగలు. బక్రీదు నాడు అటు నుంచి వచ్చేదాన్ని నేను గోడ దగ్గరే నిలబడి అందుకునేవాణ్ణి, మా ఇంటామె దాకా పోనిచ్చేది లేదు. ఎవరి గిన్నె ఎవరిదో రెండిళ్ళలోనూ మరిచిపోయారు. ఒక్క కార్తీక సోమవారాలు మాత్రం గోడ మీదికి గిన్నె ఎక్కేది కాదు. అది మా అమ్మ పెట్టిన నియమం. "ఒక్కపొద్దు ఇడిసే కూడు మన పొయ్యి మీదనే ఉడకల్ల. నా తోడబుట్టిన చెల్లెలు తెచ్చినా నేను తినను" అనేది. అన్నట్టే, ఆ చెల్లెలు తెచ్చిన సద్దిని ఒకసారి తిప్పి పంపింది కూడా.

మా పెళ్ళయిన ఏడాది కార్తీకంలో, మా అమ్మ మా చెల్లెలి కాన్పుకని బద్వేలు పోయింది. కొత్త కోడలు పొద్దుటి నుంచి మంచినీళ్ళు తప్ప ముట్టలేదు. సాయంత్రమయ్యేసరికి పెరట్లో పొయ్యి ముందు కూర్చుని, కొర్రలు కడగాలా నానబెట్టాలా తెలియక కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. నన్నడిగితే నాకేం తెలుసు. "చుక్క పొడిచాక అరటిపండు తిందాంలే" అన్నాను. అప్పుడు గోడ మీద ఒక తల లేచింది.

"పండుతో ఒక్కపొద్దు ఇడిపిస్తావా పిల్లను? సిగ్గు లేదా నీకు? పాపా, ఏడ్చొద్దు. నేను ఆ పక్కకు రాను, మీ అత్తకు మాట రానీను. ఈడనే నిలబడతా. చేయి నీది, నోరు నాది. కొర్రలు యాడుండాయి?"

ఆ సాయంత్రం ఆమె చెప్పింది, ఈమె చేసింది. కొత్త కొర్రల బువ్వ, పచ్చి బుడ్డలు నూరి పిండిన పాలలో గుమ్మడికాయ ముక్కలు. బుడ్డలంటే మా వైపు వేరుశనక్కాయలు. చేలో పెరికిన వాటికి ఇంకా మట్టి వాసన పోని రోజులవి. నేను ఆ వేళ రెండుసార్లు పెట్టించుకున్నాను, మూడోసారి అడగలేదు, గిన్నె ఖాళీ అయింది కాబట్టి.

మా అమ్మ తిరిగొచ్చాక మరుసటి సోమవారం అదే కూర తిని, "ఎవురు నేర్పిరే?" అంది. మా ఇంటామె గోడ వైపు చూసింది. అమ్మ ముద్ద మింగి అడిగింది.

"చేయి పెట్టలేదు కదా?"

"లేదత్తా. ఊరికే మాట చెప్పింది."

"మాటకు మైల లేదులే. ఇంగ రోంత పెట్టు."

అలా మొదలైంది. ప్రతి కార్తీక సోమవారం పొయ్యిని గోడ దగ్గరికి జరపడం, పొద్దు వాలే వేళకు ఆమె రాయెక్కడం. ఎర్రగడ్డ, తెల్లగడ్డ, అంటే ఉల్లి, వెల్లుల్లి వేయకూడదు, రుచి చూడకూడదు. అక్కకు అది పెద్ద సరదా. "మావోళ్ళకు ఎర్రగడ్డ లేకుండా వంటంటే కాళ్ళు కట్టేసి బావిలో దింపినట్టే. అయినా ఈదుతా సూడు" అనేది. ఈదింది కూడా. ఒక సోమవారం చేసింది మళ్ళీ వారం చేయనిచ్చేది కాదు. పచ్చి చింతకాయ దంచి చిక్కుడు గింజలతో పులుసు. సజ్జ రొట్టెలోకి మటిక్కాయల పొడికూర, మటిక్కాయలంటే గోరుచిక్కుళ్ళు. కొండ నుంచి సీతాఫలాలు గంపల్లో దిగే వారం పాయసం. "గుజ్జు దించినాక కలపల్ల పాపా, పొయ్యి మీదుంటే చేదెక్కుతాది" అని చెప్పి, గింజలు ఏరే పని నాకు అప్పగించేది. "ఆ నోరు ఊరికే ఉండదు, చేతులకన్నా పని పెట్టు."

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది గుమ్మడికాయ దమ్ము. బిరియానికి మూత చుట్టూ పిండి అంటించే పద్ధతిని ఆమె మా ఒక్కపొద్దు కూటికి తెచ్చింది. చిన్న గుమ్మడికాయ తల కోసి, లోపల సగం ఉడికిన కొర్రలు, పచ్చి బుడ్డలు, కొబ్బరి నింపి, తల మళ్ళీ పెట్టి, గోధుమపిండితో మూసి, కుండలో సన్నని సెగ మీద పెట్టించేది. తీశాక పైన నేతి తిరగవాత పడాలి. పిండి పగలగొట్టగానే వచ్చే ఆవిరి ఎంత పైకి లేచేదంటే, అది గోడ దాటి ఆమె మొహానికి కొట్టేది. అక్క కళ్ళు మూసుకునేది. ఆమెకు అందేది అంతే.

ఆమె వంటంతా ముక్కుతో, చెవులతో. పొయ్యి ఆమెకు కనబడేది కాదు, మా నీళ్ళ తొట్టి అడ్డం. ఉడికే చప్పుడు విని "నీళ్ళు చాలలేదు" అనేది. తిరగవాత గరిటె వేడెక్కితే మాటలాపి చెవి ఇటు పెట్టేది. ఆవాలు చిటపటమని, ఆ చప్పుడు సన్నగిలి, మిరపకాయ ఎర్రదనం మారబోయే క్షణంలో ఒకే మాట వచ్చేది. "దించు." మా ఇంటామె దించేది. గరిటెలో ఏముందో చూసేది కూడా కాదు, ఆ మాట కోసమే చూసేది.

నేను ఊరుకుంటానా? ఒకసారి గోడ వారన నక్కి బీడీ పొగ అటు ఊదాను. "అడుగంటుతాంది పాపా" అని అరిచింది. మరుక్షణం ముక్కు ఎగబీల్చి, "అంటింది కుండ కాదు, నీ మొగుడు. ఆర్పేయమను" అంది. ఆమె గొంతు నాకు అచ్చంగా వచ్చేది. ఒక సోమవారం నేను ఆమె గొంతుతో ముందుగానే "దించు" అన్నాను. మా ఇంటామె దించింది. ఆవాలు పచ్చివి, పులుసు మీద ఈదుతున్నాయి. అటు పక్క అక్క రెండు మోచేతులూ గోడ మీద ఆనించింది.

"నా గొంతు నీకెందుకప్పా?"

"ఊరికే అరువు తెచ్చుకున్నానక్కా."

"అయితే కడిగి ఇయ్యి."

ఆ తర్వాత కూడా ఆ పని మానలేదు. ఆమే అప్పుడప్పుడు నవ్వుతూ "ఈరోజు నా గొంతుకు సెలవు, నువ్వను సూద్దాం" అనేది. నేనంటే మా ఇంటామె దించేది కాదు. ఎలా తెలిసిపోయేదో వాళ్ళిద్దరికీ.

రోజా ఉండి ఉండి ఆకలి సంగతి ఆమెకు బాగా తెలుసు. "పొద్దంతా ఉపాసమున్న కడుపు నిద్రపోయే చంటిబిడ్డ మాదిరి. మెల్లగా లేపల్ల, అరిచి లేపొద్దు" అనేది. అందుకే ఆమె చెప్పిన వంటల్లో కారం ఎప్పుడూ తగ్గే ఉండేది. అది సీమలో చిన్న ధైర్యం కాదు.

పోయిన ఏడాది కార్తీకం చివరి సోమవారం. గుమ్మడికాయ దించాక మా ఇంటామె గోడ దగ్గరికి పోయి నిలబడింది.

"వదినా, వచ్చే కార్తీకం తొలి సోమారం నువ్వే వండల్ల. నీ పొయ్యి మీద, నీ చేత్తో. నేను దాంతోనే ఒక్కపొద్దు ఇడుస్తా."

అక్క "మీ అత్త ఒప్పుకుంటాదా?" అంది.

"అత్త పోయి శానా ఏండ్లాయ గదా."

"పోయినోళ్ళే గట్టిగా పట్టుకుంటారు పాపా."

"ఆమెకు నేను చెప్పుకుంటాలే."

"సరే అయితే. ఇన్నేండ్లూ నోరు అరిగింది. ఇంగ చేతికి పని చెప్తా."

మా అమ్మ పోయాక ఆ నియమాన్ని అడిగేవాళ్ళు లేరు. అయినా అది అలాగే కూర్చుంది, ఎవరూ దింపని మూటలాగా. ఇన్ని కార్తీకాల్లో ఏ సోమవారమైనా అనగలిగిన మాట అది. అనాలని నాకు తోచలేదు. ఎదుటివాళ్ళను ఎలా ఉడికించాలో మాత్రం రోజుకొకటి తోచేది.

ఆమె అప్పటి నుంచే సిద్ధమైంది. వానలు మొదలయ్యే ముందు సంతలో కొత్త మట్టికుండ కొని, రాయెక్కి నాకు చూపించింది. "మాంసం తగలని కుండ. పాప కోసరం."

"నేను పోతే ముందర పట్టుకుని నడిచేదానికి తెచ్చినావనుకున్నా" అన్నాను.

"నువ్వు పోతే కుండ ఎందుకప్పా, డప్పులు తెస్తా."

ఆ కుండలో గంజి పోసి కాచి, ఎండబెట్టి, మళ్ళీ పోసి, వానాకాలమంతా దాన్ని పదును చేసింది. తన పెరటి తీగెకు కాసిన గుమ్మడికాయల్లో ఒకదానికి గుర్తుగా ఎర్ర గుడ్డపేలిక కట్టింది. గోడ మీదికి పాకిన తీగె అది. కాయ మా వైపుకే వేలాడేది. "మీ దిక్కే సూస్తాంది, నీ మొగుడి చూపు పడకుండా సూసుకో" అని మా ఇంటామెకు చెప్పేది.

అందరితో పాటు నేనూ ఆమె మీద పిడికెడు మట్టి వేసి వచ్చాను. 

మొన్న తొలి సోమవారం మధ్యాహ్నం కోడలు గోడ దగ్గరికి వచ్చింది. ఆ ఇంట్లో ఇంకా నలభై దినాలు కాలేదు. కుండా, ఎర్ర పేలిక కట్టిన కాయా గోడ మీద పెట్టింది.

"చిన్నమ్మా, ఇది మీదని అత్త మమ్మల్ని తాకనీలేదు. వండి ఇద్దామంటే నాకు చేతగాదు. చేసినా అత్త చేయి కాదు గదా."

"నేనే వండుకుంటాలే తల్లీ" అంది మా ఇంటామె.

పొయ్యిని ఎప్పటిలాగే గోడ దగ్గరికి జరిపాను. ఆమె కాయ తల కోసింది, నింపింది, పిండి అంటించి కొత్త కుండలో సెగ మీద పెట్టింది. అడగడానికి ఎవరూ లేకపోయినా ఏదీ తప్పు చేయలేదు, అన్నీ చేతికి ఎప్పుడో వచ్చేసినవే. పిండి పగలగొట్టింది. ఆవిరి లేచింది. తిరగవాత గరిటె పొయ్యి మీద పెట్టి నెయ్యి వేసింది. ఆవాలు, ఎండుమిరపకాయ, కరివేపాకు.

ఆవాలు చిటపటమన్నాయి. మా ఇంటామె గరిటె పట్టుకుని గోడ వైపు చూస్తోంది. చప్పుడు సన్నగిలింది. అప్పుడే అనాలి. ఆ గొంతు నాకు వచ్చు. నా నాలుక మీదే ఉంది, ఇన్నేళ్ళూ అడగకుండానే వాడుకున్న గొంతు. నోరు తెరిచాను. ఒక్క మాట. ఇంతకు ముందు ఎన్నోసార్లు అబద్ధంగా అన్న మాట, అప్పుడు మాత్రం నిజంగా అవసరమైన మాట, బయటికి రాలేదు.

మిరపకాయ ఎర్రదనం పోయి నల్లబడింది. ఆవాలు మాడాయి. ఆమె ఇంకా దించలేదు. ఘాటు పొగ లేచి, గోడ మీదుగా, ఎవరూ నిలబడని ఆ తిరగలి రాయి వైపు మెల్లగా పోయింది.