రొట్టె మాన్పించిన సిమెంటు

పళ్ల డాక్టరుగా పై చదువు చదివేటప్పుడు, రాయచూరు కాలేజీ ల్యాబులో నాకిచ్చిన పని ఇది: పుచ్చిన పన్ను గుంటలో నింపే సిమెంటులో క్రిములను చంపే మందు కలిపి ఏమవుతుందో చూడటం. కొంచెం కలిపితే పెద్ద తేడా లేదు. ఎక్కువ కలిపితే, ఆ సిమెంటుతో చేసిన బిళ్ల చుట్టూ క్రిములు చచ్చి, వాటిని పెంచిన గాజు పళ్లెంలో తేటగా ఒక వలయం ఏర్పడేది. దాన్ని చూసి మురిసిపోయాను. కానీ ఆ బిళ్లలే గట్టిపడటానికి ఆలస్యమయ్యేవి, మెషీన్ కింద పెట్టి నొక్కితే ముందుగా పగిలేవి. ఆ సంగతీ నా నోటుబుక్కులో రాసుకున్నాను.

అయినా, యరగేర నుంచి వచ్చిన ఒక కూలిపని చేసే పెద్దమ్మ దవడ పన్నులో ఆ ఎక్కువ మందు సిమెంటే నింపాను. ఆమెకు చెప్పలేదు, నా పనిని చూసే పెద్ద డాక్టరు, మా మేడంకీ చెప్పలేదు. పన్ను మళ్లీ పుచ్చదని నాకు నేను చెప్పుకున్నాను. అసలైతే, నా సిమెంటు మనిషి నోట్లో నిలబడితే చూడాలన్న ఆశ.

నెల తిరక్కముందే ఆమె వచ్చింది. సిమెంటు సగం రాలిపోయింది.

"నాదే తప్పు డాక్టరమ్మా. కడక్ రొట్టె కొరికిన," అంది.

"గట్టివి తినకు మరి," అన్నాను. మామూలు సిమెంటు నింపి పంపించేశాను.

రెండు నెలల తర్వాత పన్ను చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఆమె చిక్కిపోయి ఉంది.

"రొట్టె ఇడిసిపెట్టిన. మజ్జిగల అన్నం పిసుక్కొని తింటున్న. పత్తి ఏరంగ కండ్లు తిరుగుతున్నయి."

ఇక దాచలేకపోయాను. తలెత్తకుండానే అంతా చెప్పాను.

"అంటే రొట్టెతోని ఇరగలే?"

"లేదు పెద్దమ్మా. తప్పు నాదే."

"మా కోడలు నన్ను ఎన్ని మాటలనె! నోరు కట్టుకోలేని ముసల్దంట." మళ్లీ ఆమే అడిగింది, "మీ పెద్ద డాక్టరమ్మకు జెప్పినవా?"

"లేదు."

"పోయి జెప్పు. నేను గీడనే కూసుంట."

చెప్పాను. మేడం నన్ను ఇక కొన్నాళ్లు రోగులను ముట్టుకోవద్దన్నారు. తర్వాత బయటికి వచ్చి, బెంచీ మీద కూర్చున్న ఆమె ముందు రెండు చేతులూ జోడించారు. నేను గోడ పక్కన నిలబడి చూశాను. ఆ దండం నేను పెట్టాల్సింది.